గెడ్డ మీద కాలువ కట్టిన చేతులు

మా అమ్మమ్మ అప్పలనరసమ్మ ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. ఆవిడ సంవత్సరీకం రోజున పీట మీద ఆవిడ పాత చీర మడతపెట్టి, దానికే బొట్టు పెట్టి దండం పెట్టుకుంటాం. రాజాం అవతల కాలువని వాగు (మేం గెడ్డ అంటాం) దాటించడానికి కట్టిన పెద్ద అక్విడక్టు పక్కన, కాలువ బంగళాలో, అది కట్టినప్పటి ఫొటోలు గోడలకు పెట్టారని ఈమధ్య స్నేహితురాలు చెప్పింది. అమ్మమ్మ ఆ పనిలో సున్నం మోసింది. డెబ్బై దాటిన అమ్మకి విషయం చెబితే అప్పటికప్పుడే చీర మార్చుకోబోయింది. "మాయమ్మది ఎడంచెయ్యి వాటమే. తట్టలందుకునే వరసలో అడ్డొస్తాదని మేస్త్రీ సివర్న నిలబెట్టీవోడు. సివర సూస్తే సాలు, నాను పోల్చీగల్ను" అంది.

మర్నాడు ఉదయం ఏడింటికి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో రాజాం బస్సు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు లేదు. చీపురుపల్లి మీదుగా రెండు గంటల లోపే దింపాడు. బస్టాండు ఎదురుగా వేడి ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి నాలుగొందలు. "అక్విడక్టంటే ఏటో నాకు తెల్దు మేడమ్. గెడ్డ మీద కాలవనండి, ఎవలైనా తీసుకెల్తారు" అన్నాడు డ్రైవరు. నిజమే, ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? కింద గెడ్డ తన దారిన పోతోంది. దాని పైన రాతి కమానుల మీద కాలువ తన దారిన పోతోంది. అమ్మ కిందికి దిగి ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. రాళ్ళ సందుల్లో సున్నం ఇంకా గట్టిగానే ఉంది.

బంగళా పదింటికి తెరవాలని బోర్డు మీద రాసుంది. తెరిచేసరికి పదకొండు. ఎండలో మెట్ల మీద ముసలావిడ కూర్చునుండడం చూసి కూడా ఇంచార్జి తొందరపడలేదు. సరే, కోపం మింగాను. లోపల హాల్లో పన్నెండు ఫొటోలు, అన్నీ ఒకే కొలత ఫ్రేముల్లో మెరుస్తున్నాయి. ప్రతిదానిలో టోపీలు పెట్టుకున్న ఇంజనీర్లు, కింద వాళ్ళ పేర్లు, హోదాలు. అమ్మ మొదటి ఫొటో నుంచి చివరి ఫొటో దాకా కళ్ళద్దాలు సర్దుకుంటూ వెళ్ళింది. వెనక్కి తిరిగి అడిగింది.

"మోసినోలేరి బాబూ?"

ఇంచార్జి నవ్వాడు. "కింద వరసల్లో ఉండీవోరమ్మా. పెద్దోలొస్తన్నారని హాలు బాగుసేసినప్పుడు కోసీసినాం. ఆడోల్లకి రవికల్లేవు. అలాంటివి గోడకెడితే బాగోదు కదా. ఫ్రేములూ సమానంగా సరిపోనాయి."

"ఆ కోసిన ముక్కలేవండీ?" అన్నాను.

"అవెందుకు మేడమ్? సెత్తలో పోయుంటాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి గౌరవం కాపాడాడట ఈయన? నేను నోరు తెరిచేలోపు అమ్మే అందుకుంది. "సున్నం కారితే గుడ్డ సివికిపోతాది బాబూ. ఉన్నది ఒక్క రవిక. పనిలోకి దిగినప్పుడు ఇప్పీసి మూట కట్టీసి, ఇంటికెల్లినప్పుడు తొడుక్కునీవోరు. ఆలు సిగ్గిడిసి తిరగనేదు. మోసినోలకి నేని సిగ్గు నీకెందుకొచ్చింది?"

ఆయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను గొంతు పెంచి అడగాల్సినవన్నీ అడిగాను. ఇంజనీరు బూటు కొస కూడా తెగకుండా కొలిచి కోశారు కదా, ఆ కొలత మనుషుల దగ్గర ఏమైందన్నాను. ఆఫీసుకి రాసుకోమన్నాడు. రాస్తాను, వదిలిపెట్టను.

ఇంతలో అమ్మ "ఒలే, ఇలా రాయే" అని పిలిచింది. ఆరో ఫొటో ముందు వంగి ఉంది. కమాను మీద నలుగురు ఇంజనీర్లు. ఫ్రేము కింది అంచున, కత్తెరకి అందకుండా మిగిలిన తట్టలు, వాటిని పైకెత్తి పట్టుకున్న చేతులు. ముఖాలు లేవు. లెక్కకి తొమ్మిది చేతులు. ఎనిమిది కుడిచేతులు. చివరిది ఎడమచెయ్యి.

అమ్మ ఏడవలేదు. అద్దం మీద ఆ చేతి చోట వేలు పెట్టి, తియ్యకుండా అలాగే నిలబడింది. నేను మాత్రం ఏడ్చాను, కోపంతో.

వెళ్ళేముందు ఆ చేతిని ఫోనులో ఫొటో తీసుకున్నాను. సందర్శకుల పుస్తకంలో "ఎవరి కోసం వచ్చారు" అన్న గడి కనిపించింది. అక్కడ రాశాను: అప్పలనరసమ్మ, సున్నం మోసింది, ఆరో ఫొటో, చివరి చెయ్యి.

ఇల్లు చేరాక నా కోపం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. అమ్మమ్మ ముఖం పనికిరాని సరుకని తేల్చింది ఒక మనిషి, ఒక కత్తెర. దాన్ని ఇప్పుడు ఎవరూ తెచ్చివ్వలేరు. ఈ ఏడాది సంవత్సరీకానికి పీట మీద చీర పక్కన ఆ చేతి ఫొటో పెడతాం. "మొకం నాకు గుర్తుందిలే, సెయ్యి సాలు" అంది అమ్మ. ఆ మాట నన్ను ఊరడించడానికేనని నాకు తెలుసు.

మీరూ వెళ్ళేటట్టయితే మధ్యాహ్నం లోపే వెళ్ళండి, తరవాత కిటికీ వెలుతురు అద్దాల మీద పడి ఏమీ కనిపించదు. టోపీలవాళ్ళని తరవాతైనా చూడొచ్చు. ముందు వంగి, ప్రతి ఫొటోకీ కింది అంచు చూడండి. మీవాళ్ళ చేతులు కూడా అక్కడ ఉండొచ్చు.