వదిన వదిలేసిన చదరం

మా వదినకు కోపం వస్తే అరవదు. పని చేస్తుంది. ఆ లెక్కన మొన్నటి పది రోజులూ ఆమె చేసినంత పని నేనెన్నడూ చూడలేదు.

వదిన అంటే మా ఆయన అక్క. పడవల షెడ్డులో డెక్కులు, అంటే పడవల పైతలాలు, రంగుకు సిద్ధం చేయడం ఆమె పని. రంగు వేసినవాడికి పేరొస్తుంది. అంతకుముందు మోకాళ్ల మీద కూర్చుని పాత రంగు గీకి, కడిగి, రుద్ది, పగుళ్లు పూడ్చిన మనిషి ఎవరి కంటికీ ఆనదు. షెడ్డులో ఆమెను గోరక్క అంటారు. పాత రంగు గట్టిగా ఉందో లేదో ఒక్కసారి గోటితో గీరి చెప్పేస్తుంది. నేను ఆమె చేతికింద పనిచేస్తాను.

తొమ్మిదేళ్ల కిందట ఇదే షెడ్డులోంచి ఆమెను గెంటేశారు. ఆ పుణ్యం అప్పటి పెద్దమేస్త్రిది. ఆయన వదినకు మేనమామ కొడుకు, స్వయానా బావ. వరసకు నాకు అన్నయ్య అవుతాడు. ఆ పిలుపు నా నోట్లోంచి ఇంతవరకూ రాలేదు, ఇక రాదు కూడా.

జరిగింది ఇదీ. ఫైబర్ డెక్కు మీద ఏళ్ల తరబడి వేసిన మైనపు పాలిష్ పేరుకుని ఉంటుంది. ముందు దాన్ని థిన్నర్‌తో తుడిచి వదిలించాలి, ఆ తర్వాతే ఉప్పుకాగితంతో రుద్దాలి. ఇది తిరగేసి చేస్తే రుద్దిన గీతల్లోకి మైనం దిగిపోతుంది, పైన ఎంత మంచి రంగు వేసినా పట్టదు. ఆ రోజుల్లో మా అత్తగారికి జబ్బు ముదిరి, వదిన రెండు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, "బావా, థిన్నర్‌తో కడగందే రుద్దించకు" అని చెప్పింది. ఆయనకు ఒకటే తొందర. మిషన్ పెట్టి తనే రుద్దేశాడు, తర్వాత గుడ్డతో తుడిచాడు, రంగు వేయించేశాడు. నాలుగు నెలలకు ఆ రంగు అరచేతులంత పొరలుగా లేచింది.

పడవ యజమాని నిప్పులు కక్కుతూ వచ్చాడు. మేస్త్రి షెడ్డంతా వింటుండగా వదిన వైపు చెయ్యి చూపించి, "ఇదిగో, ఈవిడ చేతి పనే" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మంచంలో ఉన్న మా అత్తగారికీ అదే చెప్పాడు. "నా మేనల్లుడు అబద్ధం చెప్తాడా? నువ్వే ఏదో చేసుంటావు" అని ఆవిడ కూతురి మీద అలిగింది. ఆ అలకతోనే పోయింది.

తర్వాత ఏ షెడ్డూ వదినను రానివ్వలేదు. ఎనిమిదేళ్లు ఒక ఆఫీసులో మెట్లు తుడిచింది. ఆయన పని మానేశాక, నిరుడు, కొత్త మేస్త్రి కబురు పెట్టి పిలిపించాడు.

అలాంటిది, ఈ మధ్య ఆయనే వచ్చాడు. ఒక పాత తెరచాప పడవ కొనుక్కున్నాడట. డెక్కంతా ఎండకు పేలిపోయి, రంగు పొలుసులు కట్టి ఉంది. "మరదలా, దీని మీద నీ చెయ్యి పడితేగానీ నాకు నిద్ర పట్టదు" అన్నాడు పళ్లికిలిస్తూ.

"చేస్తాలే బావా" అంది వదిన.

నాకు ఒళ్లు మండిపోయింది. పక్కకు లాక్కెళ్లి, "సిగ్గుందా వదినా నీకు?" అని అడిగేశాను.

"ఆ రోజు తప్పు ఎవరిదో పదిమందిలో ఆయన నోటితోనే చెప్పించాలి. నాకింకేం అక్కర్లేదు" అంది.

మరునాడు మొదలుపెట్టాం. డెక్కు మీది కొక్కేలు, కప్పీలు, కడ్డీలు అన్నీ ఊడదీసి, దేని మరలు దాని డబ్బాలో వేశాం. పాత లప్పం పెళ్లగించాం. లేచిన రంగు గీకి, థిన్నర్‌లో తడిపిన గుడ్డలతో మైనం తుడిచాం. గుడ్డ నల్లబడగానే పారేసి కొత్తది తీసేవాళ్లం. ఆయన రోజూ మడతకుర్చీ వేసుకుని కింద కూర్చునేవాడు, సలహాలు పారేస్తూ. ఒకసారి నా చేతిలోని గుడ్డ పొరపాటున జారి, ఆయన తెల్ల చొక్కా మీదే పడింది. పొరపాటునే అని ఇప్పటికీ చెప్తాను.

తుడవడం మొదలైన రోజే వదిన చుక్కాని దగ్గర, నడిపే మనిషి నిలబడే చోట, టేపు అంటించి ఒక చదరం గీసింది. దాన్ని తుడవనివ్వలేదు. తక్కినదంతా తుడిచి రుద్దడం అయ్యాక దాన్ని మిషన్‌తో రుద్ది, అప్పుడు గుడ్డతో తుడిచి, టేపు పీకేసింది. డెక్కంతా ఒకేలా కనిపించింది. నేను నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. వదిన నవ్వలేదు.

పదో రోజు పొద్దున షెడ్డులో అందరినీ పడవ మీదికి పిలిచింది. బావనూ ఎక్కించింది. బకెట్‌తో మంచినీళ్లు తెచ్చి డెక్కు మీద పోసింది. నీళ్లు పల్చగా, ఎక్కడా తెగకుండా పరుచుకున్నాయి. చదరం మీద మాత్రం గుండ్లు గుండ్లుగా విడిపోయి దొర్లాయి. అలా దొర్లితే అడుగున మైనం ఉన్నట్టేనని అక్కడున్న వాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు.

"ఈ ముక్క నీ పద్ధతిలో చేశాను బావా. ముందు రుద్దడం, తర్వాత తుడవడం. ఇలా చేసిందెవరో, ఎప్పుడో నువ్వే చెప్పు" అంది.

ఆయన ముఖం మాడిపోయింది. అందరి వైపూ చూశాడు. కొత్త మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ ఆయన సాయానికి రాలేదు.

"నేనేలే," అన్నాడు చివరికి. "నాకు ఆ రోజే తెలుసు. యజమాని నా మీద పడుతుంటే ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా. బయటివాళ్ల పేరు చెప్తే గొడవ చేస్తారు. నువ్వైతే మనింటి మనిషివి, ఏమీ అనవని."

అదేదో వదినను మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. ఎనిమిదేళ్ల మెట్లు, మా అత్తగారి అలక నా కళ్ల ముందు తిరిగాయి. అక్కడే నీళ్ల బకెట్ ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. వదిన తను కోరుకున్న మాట విన్నది, కానీ వినాల్సిన తల్లి లేదు.

"చెప్పానుగా, ఇక ఆ ముక్క సరిచేసెయ్ మరదలా. రేపు రంగు వేయించుకోవాలి" అన్నాడు ఆయన.

వదిన థిన్నర్ డబ్బా, గుడ్డల మూట, ఉప్పుకాగితం తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

"నువ్వే చేసుకో బావా. నేను చెయ్యను. నువ్వూ మనింటి మనిషివేగా, ఏమీ అనవులే" అంది.

ఆయన అటూ ఇటూ చూసి, ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, మెల్లగా మోకాళ్ల మీదికి దిగాడు. ఆయన గుడ్డ తడిపేదాకా మేమెవరం కదల్లేదు.