మైకుకు దొరికిన గుండె తలుపు

ఫిల్మ్‌నగర్ గుట్ట మీది ఆ చిన్న డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరునైన నా చెవులకు అందరూ హడలిపోయేవారు. టేక్‌కు ముందు ఏసీ ఆపించేవాణ్ణి, గాజులూ గడియారాలూ తీయించేవాణ్ణి. ఆ ఉక్కపోత, ఆ తిట్లు, మధ్యలో వచ్చే అల్లం చాయ్! ఇప్పుడు తలుచుకుంటే బెంగగా ఉంటుంది.

తల్లి పాత్రలకు గొంతిచ్చే ఒకావిడ మధురానగర్ నుంచి వచ్చేది. గుండె ఆపరేషన్ అయ్యాక మళ్లీ మైకు ముందు నిలబడిన మొదటిరోజే, నా హెడ్‌ఫోన్స్‌లో టిక్, టిక్. నాకు ఒళ్లు మండింది.

“ఎవలిదయ్యా గా గడియారం? జర బయట పెట్టుండ్రి!”

అందరూ ఉత్త చేతులు చూపించారు. గోడ గడియారం సెల్లు కూడా పీకేశాను. అయినా ఆగలేదు. ఆవిడ నవ్వాపుకుంటూ, “నాదేనండీ. తీసి ఇద్దామంటే లోపల పెట్టి కుట్టేశారు,” అంది.

చిన్నప్పటి కీళ్లజ్వరం గుండె కవాటాన్ని పాడుచేసిందట. నెత్తురు వెనక్కి మళ్లకుండా ఒకవైపే తెరుచుకునే తలుపులు నాలుగుంటాయనీ, ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్యనున్న రెండు రెక్కల తలుపు బిగుసుకుపోతే లోహంది అమర్చారనీ చెప్పింది.

“గుండె చప్పుడంటే ఆ తలుపులు పడే చప్పుడేనండీ. మీవి మెత్తగా మూసుకుంటాయి, నాది ఠక్కుమంటుంది.”

నవ్వుకున్నాం గానీ, ఆవిడ బతుకుతెరువు ఆ మైకే. ఆరోజు చెప్పాల్సింది కొడుకు ఒళ్లో తల్లి ప్రాణం విడిచే సీను. నిర్మాత వేరే గొంతు చూడమన్నాడు. ఆవిడ మొహం వాడిపోయింది.

“ఇది పోతే ఇంక నన్నెవరూ పిలవరండీ.”

“ఫికర్ చేయకు అక్కా, నేను చూస్కుంట,” అన్నాను.

టిక్కు బయటికి రాకుండా ఆవిడ ఛాతీకి బొంత కప్పి చెప్పించాం. చెమటలు కక్కుతూనే మా అందరినీ ఏడిపించేసింది. మాటల కింద టిక్కు అణిగిపోయింది. చివర్న వదిలే ఆఖరి ఊపిరిలో, ఆ తర్వాతి నిశ్శబ్దంలో మాత్రం వినబడుతూనే ఉంది. చచ్చిపోయిన తల్లి గుండె కొట్టుకుంటుంటే ఎవరు ఊరుకుంటారు?

కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క టిక్కునూ ఏరి తీసేశాను. తీసినప్పుడల్లా అద్దం అవతల చాయ్ తాగుతున్న ఆవిడ వైపు చూపు పోయేది. ఇక్కడ తీసేస్తే అక్కడ ఆగిపోతుందేమోనని పిచ్చి భయం.

నిర్మాత విన్నాడు. కళ్లు తుడుచుకుని, తర్వాతి సినిమాకూ ఆవిడనే పిలవమన్నాడు. ఆ మాట చెబుదామని ఉరికాను. తీరా ఎదురుగా నిలబడ్డాక నోట్లోంచి వచ్చింది మరొకటి.

“మంచిగున్నవా అక్కా?”