తింటారని రాయించిన ఆకు

నా చిన్నప్పుడు మా ఊరి వెనక రాళ్ల బీడు ఉండేది. గడ్డి, రేగు కంపలు, తంగేడు పొదలు తప్ప పంట ఎరగని నేల. చెరుకు కోసం దాన్ని దున్నేస్తారని తెలిసి, మా బడి సారు అక్కడి మొక్కలన్నీ ముందే రాసిపెట్టాలనుకున్నారు. పిల్లలందరినీ రోజుకో ఆకు తెమ్మనేవారు. దాన్ని గంజితో నోట్‌బుక్కులో అంటించి, పేరేమిటో, ఎవరు తింటారో పక్కన రాసేవారు.

నేను బడికి పోయింది రెండేళ్లే. అందరూ తెచ్చిన ఆకులే తెస్తానని తోటివాళ్లు నవ్వేవారు.

"దీనికి గరిక తప్ప ఏం తెల్వది సారూ!"

రోషం వచ్చి, ఒకరోజు ఎవరూ తేని ఆకు తెచ్చాను. దాని పేరు నాకూ తెలియదు.

"ఏందే ఇది? తింటరా?" అన్నారు సారు.

"ఆ, తింటం సారూ. మా అవ్వ పప్పుల ఏస్తది."

అవ్వ అంటే మా నాయనమ్మ. ఆమె పేరుతో సహా సారు రాసుకున్నారు.

ఆ ఏడు వానల్లేవు. పక్కింటి అక్క పోచంపాడ్ నుంచి కొత్తగా వచ్చిన కోడలు. గోదావరి చేపలు తెలుసు గానీ మా మెట్ట ఆకులు తెలియవు. ఐదో నెల కడుపుతో ఉంది. రొట్టెలోకి ఏమీ లేక, తినే ఆకులేవో చూపమని సారును అడిగింది. ఆయన చూపినవాటిలో నా ఆకూ ఉంది.

"మీ ఊర్ల గడ్డి గూడ కూరనేనా చెల్లె?" అని నాతో నవ్వుతూ, దాన్ని ఒడి నిండా కోసుకుపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. నోరు తెరవలేదు.

రెండు రోజులు వాంతులు. మూడో రోజు కడుపు పోయింది.

అక్కను చూడబోయిన మా అవ్వ, గంపలో మిగిలిన ఆకు పట్టుకుని, ఇది ఎవరు తినమన్నారని అడిగింది.

"సారు బుక్కుల నీ పేరే ఉన్నది గదా అవ్వా" అందట అక్క.

ఆ పేరు రాయించింది నేనేనని తెలిసినా అవ్వ నన్ను కొట్టలేదు. సారు దగ్గరికి ఈడ్చుకుపోయి, "దీని చేత్తోనే రాయించు" అంది. ఆయన ఆ పేజీ చింపేస్తారనుకున్నాను.

"చింపితే రేపు ఇంకొకరు తింటరు. ఒక్క పోరి మాట పట్టుకొని రాసిన, తప్పు నాది గూడ" అన్నారు సారు. తన రాత కొట్టేసి కలం నాకిచ్చారు. అక్షరాలు కూడబలుక్కుంటూ రాశాను: 'ఈ ఆకు మాకు తెలియదు. తిన్న అక్కకు కడుపు పోయింది.'

అక్కడి నుంచి తీసుకుపోయి, అక్క ముందు నిలబెట్టి నిజం చెప్పించింది అవ్వ. అక్క గోడవైపు తిరిగింది. ఆ తర్వాత నా చేతి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

బీడు ఇప్పుడు కొసరంత మిగిలింది. కాలేజీ పిల్లలు అక్కడి మొక్కలు రాసుకుంటూ నన్ను అడుగుతారు. తెలిసినవి చెప్తాను. తెలియనిదాని దగ్గర గడి ఖాళీగా వదిలితే ఊరుకోను.

"తెల్వది అని రాయి బిడ్డా" అంటాను. రాసేదాకా అక్కడే నిలబడతాను.