ఒక్కసారే చివరిదాకా వినిపించిన పద్యం

దయ్యాలూ ఆత్మలూ అంటే నవ్వేవాణ్ణి. నోయిడాలో సర్వర్లు చూసే ఉద్యోగం నాది. ఒకే ఫైలు మీద ఒకే కమాండు ఇస్తే ఎన్నిసార్లయినా ఒకే ఫలితం వస్తుంది. నా నమ్మకాలన్నీ దాని మీదే నిలబడ్డాయి. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఫరీదాబాద్‌లో మా పై అంతస్తులో సరోజా ఆంటీ ఉంటారు. శ్రీకాకుళం వైపువాళ్ళు. ఆర్మీలో చేసిన అంకుల్ పోయి ఏడాది దాటింది. ఆయన నాటకాల పద్యాలు పాడి రికార్డు చేసుకుని, అన్నిటినీ కుదించి ఒకే ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నారు. ఆయన గొంతు ఇంకెక్కడా మిగల్లేదు.

ఆవిడ వినిపించమంటే, ఒక ఆదివారం ఉదయం వాళ్ళ హాల్లోనే లాప్‌టాప్ తెరిచాను. ఆ ఫైలును దాని డిస్కులోకి కాపీ చేశాను. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదానితో పోల్చి చూస్తే తేడా లేదు. విడి పద్యాలుగా విప్పడానికి టార్ అనే కమాండు ఇచ్చాను. చివరి పద్యం తప్ప అన్నీ పూర్తిగా వచ్చాయి. ఫైలు మధ్యలోనే అయిపోయిందని ఎర్రర్. చివరి పద్యం మూడో పాదంలో తెగిపోయింది.

"అంకుల్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినప్పుడే సగంలో ఆగిపోయినట్టుంది ఆంటీ. ఇక రాదు," అన్నాను.

"ఇంకోపాలి అడుగు బాబూ. మీ అంకుల్ ఏదైనా రెండోపాలికే ఇనేవోరు."

నవ్వుకుంటూ, ఆవిడ తృప్తి కోసం, అదే కమాండు మళ్ళీ ఇచ్చాను. ఎర్రర్ రాలేదు. పద్యం చివరిదాకా సాగింది. అంకుల్ తీరిగ్గా రాగం తీసి, దగ్గి, "సరోజా, టీ" అన్నారు.

ఆంటీ కళ్ళు తుడుచుకుని నిజంగానే టీ పెట్టడానికి లేచారు.

కారణం కనిపెట్టాలన్న ఆత్రంలో, వచ్చిన ఫైలును పక్కన దాచకుండా, అదే ఫోల్డరులో మూడోసారి అదే కమాండు కొట్టాను. అదే పేరుతో ఫైలు ఉంటే టార్ అడగదు, పాతది తీసేసి కొత్తది పెట్టేస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి చెప్పేది నేనే. మళ్ళీ ఎర్రర్. మళ్ళీ మూడో పాదంలోనే తెగింది.

ఆంటీ రెండు కప్పులతో వచ్చి నా పక్కన కూర్చున్నారు. "ఇప్పుడు పెట్టు బాబూ, సుబ్బరంగా ఇంటాను."

నేనే చెరిపేశానని చెప్పాను.

"నువ్వేటి సేస్తావులే, మిషన్ కదా," అన్నారు. తలెత్తలేకపోయాను.

చెరిగిపోయిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రాములన్నీ డిస్కు మీద నడిపించాను. దొరకలేదు. పెన్‌డ్రైవ్‌తో మళ్ళీ పోల్చాను. ఒక్క బైటు కూడా మారలేదు. అందులో లేని మిగతా పద్యం ఆ ఒక్కసారి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఇద్దరం విన్నాం. విన్నామనడానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ ఆవిడ టీ పెట్టి వచ్చేలోపు తుడిచేసింది నేనే.