వెళ్ళొస్తానని రాసిన రాజీనామా

రాజీనామా చేయడంలో నాకు సాటి వచ్చేవాడు ఈ రెండు గోదావరి జిల్లాల్లోనూ లేడండి. గర్వంగానే చెప్తున్నాను. ఎవరైనా ఒక ఉద్యోగానికి ఒక్కసారే రాజీనామా చేస్తారు. నేను ఒకే ఉద్యోగానికి ఒకే నెలలో రెండుసార్లు చేశాను. ఎందుకంటే, మొదటిసారి చేసింది రాజీనామా అని నాకు తప్ప ఇంకెవరికీ తెలియలేదు!

నవ్వకండి, మొదట్నుంచీ చెప్తాను.

నేను కువైట్‌లో టీచర్నని మీకు తెలుసుగా. రెండేళ్ళుగా ఒకటే స్కూలు. మంచిదే. కాకపోతే వాళ్ళిచ్చిన గదిలో నలుగురు టీచర్లం, ఒక బాత్రూమ్, ఒక రైస్ కుక్కర్. పెళ్ళయి ఏడాది కావస్తోంది, లావణ్య ఇక్కడ కడియంలో మా అమ్మావాళ్ళ దగ్గర, నేనక్కడ. కాపురమంతా వీడియో కాల్లోనే. "కోడలు పెళ్ళి చేసుకుంది నిన్ను కాదురా, నీ చార్జర్ని" అని మా నాన్న వేళాకోళం.

ఇలా ఉండగా పోయిన నెల ఇంకో స్కూలువాళ్ళు ఫ్యామిలీ ఫ్లాట్‌తో సహా ఉద్యోగం ఇస్తామన్నారు. ఫ్లాట్! తలుపు వేసుకుంటే మనమే ఉండే ఫ్లాట్! ఒక్కటే షరతు. పాత స్కూల్లో రాజీనామా ఇచ్చి, వాళ్ళ దగ్గర రిలీజ్ పేపర్ తెచ్చుకోవాలి. అది ఉంటేనే నా వీసా వీళ్ళ పేరు మీదికి ట్రాన్స్‌ఫర్ అవుతుంది. "వచ్చే గురువారం కల్లా తేవాలి. లేకపోతే లిస్టులో తర్వాత ఉన్నాయన్ని పిలుస్తాం" అన్నారు.

మా నాన్న నర్సరీ మనిషి కదా, ఫోన్లో సలహా ఇచ్చారు. "ఒరేయ్, మొక్కని కుండీ మార్చేటప్పుడు పీకకూడదు. వేరు చుట్టూ మట్టి చెదరకుండా నెమ్మదిగా లేపాలి. ఉద్యోగమైనా అంతే."

బాగుంది కదా? అక్కడే అంటుకుంది నా కొంపకి నిప్పు. మట్టి చెదరకుండా రాజీనామా రాద్దామని కూర్చున్నాను.

లాప్‌టాప్ ముందు నేను, ఫోన్లో అమ్మ, లావణ్య. ముందు అందరూ రాసేటట్టే రాశాను: "ఐ యామ్ రిజైనింగ్. ఐ యామ్ లీవింగ్ ద స్కూల్." అమ్మకి అర్థం చెప్పాను.

"వెళ్ళిపోతున్నానని రాస్తావేంట్రా!" అమ్మ లెంపలేసుకుంది. "రెండేళ్ళు అన్నం పెట్టిన చోటు. మీ నాన్న వీధి చివర కొట్టుకెళ్ళినా వెళ్ళొస్తాననే చెప్తారు. ఆ పాడుమాట కొట్టెయ్."

"ఇది లెటరమ్మా, గుమ్మం కాదు."

"లెటరైతే మర్యాద అక్కర్లేదా? వెళ్ళొస్తాను అని రాయి."

నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటేసింది. రిజైనింగ్ కొట్టేశాను. లీవింగ్ కొట్టేశాను. చివరికి తేలింది ఇది: "రెస్పెక్టెడ్ సర్, విత్ యువర్ బ్లెస్సింగ్స్ ఐ విల్ గో అండ్ కమ్. కైండ్లీ గివ్ మీ ద పేపర్."

లావణ్య ఒకటికి రెండుసార్లు చదివించుకుంది. "ఏవండీ, ఇది వింటే మీరు టీ తాగడానికి బయటికెళ్తున్నట్టుంది."

"నీకు తెలీదు. ఇందులో సంస్కారం ఉంది."

"సంస్కారం ఉంది సరే, రాజీనామా ఎక్కడుంది?"

నెట్ సరిగ్గా లేదని కాల్ కట్ చేశాను. నెట్ బ్రహ్మాండంగా ఉంది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారికి లెటరిచ్చాను. పెద్దాయన, కేరళ మనిషి, మంచి నవ్వు. కళ్ళజోడు పైకి తోసి ఒకసారి చదివారు.

"ఇంట్లో అందరూ బానే ఉన్నారా?"

"బావున్నారు సార్. మా ఆవిడ కోసమే ఇదంతా."

"ఓహో!" అని నవ్వారు. "సో, యూ వాంట్ లీవ్?"

"ఎస్ సార్, లీవ్!"

చూశారా? ఆయన అడిగింది సెలవు కావాలా అని. నేను విన్నది వెళ్ళిపోతావా అని. ఇంగ్లీషువాడిని అనడానికి లేదులెండి, మనమూ పండక్కి ఇచ్చేదాన్ని సెలవంటాం, చేతులు జోడించి శాశ్వతంగా తీసుకునేదాన్నీ సెలవే అంటాం.

"పిల్లలు మిమ్మల్ని మిస్సవుతారు. వచ్చేటప్పుడు పూతరేకులు మర్చిపోకండి" అన్నారాయన.

వెళ్ళిపోయేవాడు మళ్ళీ చూడ్డానికి రావాలని ఎంత ప్రేమండీ! నాకు కళ్ళు చెమర్చాయి. అమ్మ చెప్పిన మర్యాద ఊరికే పోలేదనుకున్నాను.

మంగళవారం ఆఫీసులో పేపరిచ్చారు. పైనుంచి కిందదాకా అరబ్బీ. కింద గుండ్రటి నీలం ముద్ర. నాకు అరబ్బీలో సలామ్ తప్ప ఏమీ రాదు. అయితేనేం, ముద్ర ఉంది! ఫోటో తీసి ఇంటికి పెట్టాను: "రిలీజ్ అయిపోయింది!" కొత్త సినిమా రిలీజైనట్టే అయింది కడియంలో. అమ్మ వీధంతా లడ్డూలు పంచింది. లావణ్య పెద్ద సూట్‌కేసు కొనేసింది. నేను రైస్ కుక్కర్లో నా వాటా రూమ్మేట్లకి దానమిచ్చేశాను.

బుధవారం పొద్దున్నే కొత్త స్కూలు ఆఫీసుకెళ్ళి, పెళ్ళికొడుకులా నవ్వుతూ పేపరిచ్చాను. అక్కడి అధికారి అరబ్బీ చదివే మనిషి. చదివాడు. నన్ను చూశాడు. మళ్ళీ చదివాడు. పక్కనున్నాయన్ని పిలిచి చదివించాడు. ఇద్దరూ నవ్వుతున్నారు.

"మాస్టారూ, ఇది రిలీజ్ కాదు. ఏడు రోజుల సెలవు."

"సెలవా!"

"ఆ. కారణం అన్నచోట 'వెళ్ళి రావడం' అని రాశారు."

కాళ్ళ కింద టైల్స్ జారినట్టయింది. రేపే గురువారం. అమ్మ పంచిన లడ్డూలు వెనక్కి తెప్పించలేం కదండీ! అంతకన్నా, లావణ్య సూట్‌కేసులో అప్పుడే చీరలు సర్దేస్తోంది. వాటిని మళ్ళీ బీరువాలో పెట్టమని ఏ మొహంతో చెప్పను?

టాక్సీలో పాత స్కూలుకి పరుగు. గేటు దగ్గర హాజరు మెషీన్ మీద వేలు పెడితే కీచుమని అరిచింది: ఆన్ లీవ్. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "లీవ్‌లో ఉన్నవాళ్ళకి ఎంట్రీ లేదు సార్." రెండేళ్ళుగా రెండు నిమిషాలు లేటైతే వాచీ చూపించి లోపలికి తరిమిన మనిషి! ఇప్పుడు నేనే లోపలికి పంపమని బతిమాలుతుంటే బయటికి తోస్తున్నాడు.

ఫోన్ చేస్తే ప్రిన్సిపాల్ గారే గేటు దగ్గరికి వచ్చారు.

"ఇంకా వెళ్ళలేదా? ఫ్లైట్ మిస్సయ్యారా?"

"లేదు సార్, ఉద్యోగం మిస్సవుతోంది."

ఆయన గదిలో కూర్చుని అంతా చెప్పాను. అమ్మ, గుమ్మం, పాడుమాట, ఫ్యామిలీ ఫ్లాట్, సూట్‌కేసు, అన్నీ. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. భుజాలు ఊగుతుంటే అప్పుడర్థమైంది, నవ్వుతున్నారు.

"మా అమ్మా అంతేనయ్యా. పోతానంటే ఒప్పుకోదు, పోయి వస్తాననాలి. కానీ నేను దాన్ని ఆఫీసు కాగితం మీద ఎప్పుడూ రాయలేదు!"

తెల్లకాగితం ఒకటి నా ముందుకి తోశారు. "రాయండి. ఈసారి ఇంటికి ఫోన్ చెయ్యకుండా."

"ఐ రిజైన్" అని రాశాను. రాస్తూ అమ్మని తలుచుకుని మనసులో లెంపలేసుకున్నాను.

ఆయన క్లర్కుని పిలిచి చెప్పారు. ముందుగా ఇవ్వాల్సిన నోటీసు సంగతి కొత్త స్కూలుతో తనే మాట్లాడతానన్నారు. నాకోసం ఆ పూటంతా మనుషులు అటూ ఇటూ తిరిగారు. మధ్యాహ్నం రెండింటికల్లా అసలైన రిలీజ్ పేపర్ తయారు. ఈసారి నేను ఆ కాగితాన్ని వాచ్‌మన్ దాకా అరబ్బీ వచ్చిన ప్రతివాడికీ చూపించి చదివించుకున్నాను. చివరికి ప్రిన్సిపాల్ గారు సంతకం చేసి అందించారు. రెండు చేతులా అందుకుని, వంగి, గుమ్మం దాకా వెళ్ళి, పుట్టుకతో వచ్చిన అలవాటు కదండీ, నోటి వెంట వచ్చేసింది:

"థాంక్యూ సార్. ఐ విల్ కమ్!"

పెద్దాయన కుర్చీలోంచి లేచి పేపర్ లాగేసుకున్నారు. "నో! డోంట్ కమ్! ఓన్లీ గో!"

మళ్ళీ ఇచ్చేముందు నాచేత మూడుసార్లు "గో" అనిపించారు.

గురువారం పొద్దున పేపరిచ్చాను, ట్రాన్స్‌ఫర్ అయింది, ఫ్లాట్ తాళాలూ చేతికొచ్చాయి. ఇదిగో, లావణ్యని తీసుకెళ్ళడానికి వచ్చాను. ప్రిన్సిపాల్ గారికి రెండు పెట్టెల పూతరేకులు కూడా కట్టించాను. అంటే మళ్ళీ ఆ స్కూలుకి వెళ్ళాలి. వెళ్ళి, రావాలి. అమ్మ మాటే నెగ్గింది.

ఇంతసేపూ విని ఊరుకున్న లావణ్య ఆవకాయ సీసాకి గుడ్డ చుడుతూ, "అన్నీ చెప్పారు గానీ, అసలుది చెప్పారా వీళ్ళకి?" అంటోంది.

సరే, చెప్పక తప్పేట్టు లేదు. నేనక్కడ పిల్లలకి ఏం పాఠం చెప్తానో మీరెవరూ అడగలేదు. లెక్కలనుకుంటున్నారు కదా? పోనీ, సైన్సు?

ఇంగ్లీషండి.

కొత్త స్కూలువాళ్ళు నా డెమో క్లాసు చూసి, అప్పటికప్పుడు సెలక్ట్ చేశారు. ఆ రోజు నేను చెప్పిన పాఠం, "లీవ్ లెటర్ రాయడం ఎలా?"