గుండానికి మొదటి దెబ్బ

“నెల కనపడితే గుద్దలి ఎవురు కొట్టల్ల? పొద్దు మునిగేలోపల వచ్చెయ్యి” అన్నాను నేను, సద్దిమూట చేతికిస్తూ.

“మబ్బు సూడు, ఎట్ల మూసుకోనుండాదో. ఈ పొద్దు యా నెలా కనపడదు మే. రేపు పొద్దున్నే వచ్చేస్తా, నువ్వేం గుబులు పడాకు” అన్నాడు మా ఆయన.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరు మాటలు ఇవే.

ఈ సాయంత్రం నా కూతురి కూతురు సెల్లు చూసుకుంటూ, నెల కనిపించిందంట అవ్వా, రేపట్నుంచి పీర్ల పండగ అని చెప్పింది. సందులో ఒక్కరైనా బయటికొచ్చి తలెత్తి చూడలేదు. నాకు మాత్రం ఆ మాటలు మళ్ళీ చెవిలో పడినట్టయి, కూర్చున్నచోట కూర్చోలేక, దాన్ని కాగితం తెచ్చుకొని నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. నాకు నా పేరు రాయడం వచ్చు, అంతకు మించి రాదు. నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది వింటే, ఇందులో సగం వాళ్ళకూ తెలిసిందే అయ్యుంటుంది.

మాది అనంతపురంలో పాతకాలపు ఇరుకు సందు. ఆ సందులో ఏ పని ఎప్పుడు చేయాలో పండగలే చెప్పేవి. వినాయకుడి పందిరి వేశారంటే కొళాయి దగ్గరికి చుట్టు తిరిగి పోవాలి. శ్రావణ శుక్రవారం బేరాల్లేవు, పూలమ్మే ఆమె చెప్పిందే ధర. ఉగాది మరునాడు సందంతా మాంసం కూర మసాలా వాసన, ఆ రోజు కూలికి రమ్మన్నా ఎవరూ పోరు. ఇక పీర్లు లేచే దినాల్లో కొళాయికి నీళ్ళొస్తే ముందు పీర్లను నిలిపే చావిడి బిందెలు నిండాలి, ఆ తర్వాతే మావి, ఎంత కరువైనా సరే. ఎప్పుడూ జుట్లు పట్టుకునే ఆడవాళ్ళు కూడా ఆ దినాల్లో వరసగా నిలబడేవాళ్ళు. మా ఆయన నీసు ముట్టేవాడు కాదు, మంచం ఎక్కేవాడు కాదు, చెప్పులు చూరులో దోపేసేవాడు. ఊదు పొగ మా ఇంట్లోకి కూడా వచ్చి చీరలకు పట్టేది, తర్వాత ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు, నేనూ పోవాలని కోరుకోలేదు.

చావిడి ముందర నిప్పుల గుండం తవ్వాలంటే నెలవంక కనిపించాక మొదటి గుద్దలి దెబ్బ మా ఇంటివాళ్ళే కొట్టాలి. మా ఆయన తాత తన బిడ్డ బతకాలని పీర్లకు మొక్కుకున్నప్పటి నుంచి ఆ ఆచారం వస్తోంది. మేము హిందువులం, చావిడి చూసే ముజావరు మామది సాయిబుల ఇల్లు, అయినా మామ మా గడప ముందుకొచ్చి పిలిస్తేగానీ మా ఆయన గుద్దలి ఎత్తేవాడు కాదు, మా ఆయన ఎత్తందే మామ ఫాతిహా చదివేవాడు కాదు. సొంత ఇల్లు లేదు, సెంటు చేను లేదు. మాకు ఆస్తి అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క దెబ్బే.

మా ఆయన బండలు ఎత్తే హమాలీ. తాడిపత్రిలో పాలిషు బండలు లారీకి ఎత్తడానికి పిలిస్తే పోయేవాడు. అది రెండువేల సంవత్సరం దాటిన కొత్త, ఎండలు ముదురుతున్న రోజులు. ఎన్నాళ్ళుగానో చుక్క రాలని ఆకాశంలో ఆ రోజే మబ్బు కమ్మింది. వానకు కాదు, ఊరికే మూసుకుంది. సాయంత్రం సందులో ఆడా మగా అందరం మిద్దెలెక్కి మెడలు నొప్పి పుట్టేలా పడమటికి చూశాం. ఏమీ కనిపించలేదు. మామ రేపు చూద్దామని అందరినీ దిగమన్నాడు. నాకు లోపల సంతోషమే, ఆయన లేని రోజు నెల రాలేదని.

మరునాడు తెల్లవారగానే లారీ వాళ్ళు ఇద్దరు వచ్చి సందు మొదట్లో నిలబడ్డారు. తాడిపత్రిలో ఆకాశం తేటగా ఉందట. నెలవంకను మా ఆయనే ముందు చూసి, బండలెత్తే వాళ్ళందరికీ వేలుపెట్టి చూపించాడట. పొద్దున బస్సుకు పోవచ్చు కదా అంటే వినకుండా, మా సందులో తన కోసం గుండం ఆగి ఉంటుందని, ఇటు వచ్చే బండల లారీ ఎక్కి పైన కూర్చున్నాడట. మలుపులో బండలు జరిగాయి. చావు కబురూ నెల కబురూ మా సందుకు ఒకే నోట వచ్చాయి.

మట్టి చేసి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నెల కనిపించాక గుండం ఆపకూడదు. చావిడి ముందర మగవాళ్ళు గుంపు కట్టారు. సందు చివర టీ కొట్టాయన గొంతు మా గోడ ఇవతలికి వినపడింది.

“సావింట్లో గుద్దలి పీర్లకు యాడ పనికొస్తాది మామా? అంటు గదా. ఈ తూరి మా ఇంట్లోది తెస్తా. ఆ ఇంట్లో ఇంగ మగపిల్లోడు గూడా ల్యాకపాయ.”

ఆయన దుర్మార్గుడు కాదు, లోకం మాటే అన్నాడు. కానీ ఈ తూరి పోతే ఇక ఎప్పటికీ పోయినట్టేనని నాకు తెలుసు. నా కూతురు, అప్పటికి లంగా వేసుకునే పిల్ల, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏమప్పా, ఇవి ఏం దినాలనుకున్న్యావ్?” అన్నాడు ముజావరు మామ. “మనం పండగ పండగ అంటాండాం గానీ, ఇవి సచ్చిపోయినోళ్ళ కోసరం ఏడ్చే దినాలు. ఏడ్చే ఇంటికి ఈడ అంటు ఏందిరా? నువ్వు పోయి టీ కాసుకోపో.”

తర్వాత ఎప్పటిలాగే మా గడప ముందుకొచ్చి, ఎప్పుడూ మా ఆయన్ను పిలిచే చోటే నిలబడి, “అమ్మా, గుద్దలి తీసుకోని రా తల్లీ, పొద్దు పోతాంది” అని పిలిచాడు.

నా చేతుల గాజులు ఇంకా తీయలేదు. దెబ్బ వేసినప్పుడు అవి గలగలమన్నాయి. ఎండిన నేల, గుద్దలి దిగలేదు, ఎగిరి వచ్చింది. ఒకరూ నవ్వలేదు. రెండో దెబ్బకు మట్టి పెళ్ళ లేచింది. అప్పుడు ఏడుపు వచ్చింది నాకు, అంతవరకూ రానే లేదు. చుట్టూ ఉన్న సాయిబుల ఆడవాళ్ళు కూడా ఏడ్చారు, ఎవరు ఎవరి కోసం ఏడుస్తున్నారో ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత సందులో ఏ పేరంటం జరిగినా పసుపు కుంకుమ పళ్ళెం నా ముందు ఆగకుండా పోయేది. తప్పు పట్టను, నేనూ అంతకుముందు అట్లా దాటించుకొని పోయిన దానినే. పీర్ల దినాల్లో మాత్రం గుండం బూడిద అందరి నొసటితో పాటు నా నొసటికీ మామ తానే పెట్టేవాడు. ఏడాదంతా గోడవారగా నడిచినా ఆ ఒక్క సాయంత్రం నేను గుద్దలి పట్టుకొని సందు నడుమ నిలబడేదాన్ని.

మామ పోయాడు. ఆయన కొడుకూ మంచివాడే, పిలవడం మానలేదు. కానీ సందుకు సిమెంటు రోడ్డు పడింది. మంచి రోడ్డే, వానొస్తే బురద లేదు, మాకు వాన వచ్చేది ఎప్పుడో లేండి. రోడ్డు పగలగొట్టనివ్వరు కాబట్టి ఇనుప తొట్టి చేయించి అందులో నిప్పులు పోస్తున్నారు. నా దెబ్బను ఎవరూ లాక్కోలేదు, ఎవరితో పోట్లాడటానికీ లేదు, కొట్టడానికి మట్టే లేదు అంతే. పీర్లు లేస్తున్నాయి, తప్పెట మోగుతోంది, చక్కెర పంచుతున్నారు. కొత్తగా వచ్చి చేరిన వాళ్ళు పక్కకు జరుగవ్వా, నిప్పులు మీద పడతాయి అంటారు. నేను జరుగుతాను. ఈ సందులో గుండం ఎవరి చేత మొదలయ్యేదో చెప్పేవాళ్ళు ఇంక మామ కొడుకూ నేనూ నా కూతురూ తప్ప లేరు.

రాసినావా మే? మొదటి దెబ్బ మా ఇంటిదే అని రాసినావు గదా? ఆ ముక్క యాడుండాదో సూసి నాకు చదివి ఇనిపియ్యి. మెల్లగా వద్దు, గట్టిగా చదువు.