మా ఫ్లాస్కులో పల్లేడియమా?

పల్లేడియం మా కాలేజీ గడప తొక్కిందే లేదు. కొనే స్తోమత ఉంటే గదా! తొంభైల చివర్లో నంద్యాలలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా ఉంటూ నేను ఇనుముతో ఉత్ప్రేరకం తయారుచేసే పని ఎత్తుకోవడానికి ఒక కారణం అదే. రసాయన చర్యను త్వరగా నడిపించి, తాను ఖర్చు కాకుండా మిగిలేదే ఉత్ప్రేరకం. పెద్ద ల్యాబుల్లో దానికి పల్లేడియం, ప్లాటినం లాంటి అరుదైన లోహాలు వాడతారు. భూమిలో ఎక్కడ తవ్వినా ఇనుముండగా వాటి కోసం దేబిరించడం ఎందుకని నా పట్టుదల. రోజూ ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్ల మీదుగా బస్సులో వస్తూ ఇదే ఆలోచన.

నానా అవస్థలూ పెట్టి చివరికి ఇనుము దారికొచ్చింది. బెంజైల్ ఆల్కహాల్ కాస్తా బెంజాల్డిహైడ్‌గా మారి గదంతా బాదం వాసన. ఆ పని మీద మా ల్యాబులోనే పీహెచ్‌డీ చేయాలంటే ల్యాబుకు యూనివర్సిటీ గుర్తింపు కావాలి. అది ఇవ్వాలో లేదో తేల్చడానికి అక్కడి నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చాడు.

వచ్చినాయన నా ఫలితాలు తిరగేసి, ఇనుముకు అంత సత్తా లేదన్నాడు. ఎవరో వాడిన పల్లేడియం ఫ్లాస్కుకు అంటుకుని ఉంటుందన్నాడు. ఒళ్లు మండిపోయింది. పూట గడవని ఇంట్లో బంగారం దాచారని నిందవేసినట్టుంది! వాడని కొత్త ఫ్లాస్కులో తన కళ్లముందే చేసి చూపమన్నాడు. దానికేం, చూడమన్నాను.

మా అటెండరు బీరువాలోంచి కొత్త ఫ్లాస్కు తీశాడు. మా వైపు ట్రాక్టరైనా తక్కెడైనా బొట్టు పెట్టకుండా వాడకంలోకి తీసుకోరు. ఆయన కూడా దాన్ని భక్తిగా కడిగి, మెడకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి తెచ్చాడు.

ప్రొఫెసర్ మొహం మాడిపోయింది. ఇదేనా మీ సైన్సు అని కసిరాడు. అటెండరు బిత్తరపోయి నావైపు తిరిగాడు.

“కొత్తది గదమ్మా, బొట్టు పెట్టకుండా యాడైనా వాడతారా?”

ఫ్లాస్కును లోపలా బయటా శుభ్రంగా కడిగి చర్య నడిపాను. బాదం వాసన వచ్చింది. అప్పుడైనా ఒప్పుకోవాలి గదా? అబ్బే! కుంకుమలో ఏవో లోహాలుంటాయట, ఆ ఘనత వాటిదట. ఇనుము మానేసి, చిటికెడు కుంకుమ వేసి అదే చర్య మళ్లీ నడిపాను. వాసన లేదు, ఏమీ లేదు. దానికీ ఆయన తల ఊపలేదు. తమ ల్యాబుకొచ్చి చేస్తే అప్పుడు నమ్ముతానన్నాడు.

కోపమొస్తే నా నోట మా ఊరి మాటే వస్తుంది.

“పల్లేడియం వాడేది మీ ల్యాబులోనే గద సార్. అది లేని ఈడ జరిగితే నమ్మరు, అదుండే ఆడ జరిగితే నమ్ముతారా? ఏం న్యాయం సార్ ఇది?”

గుర్తింపు రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని కాలేజీలో అందరూ నాకే నీతులు చెప్పారు. తప్పు నాదట! చేసిన పనంతా మట్టిపాలు కాకూడదని, జీతం లేని సెలవు పెట్టి ఆ యూనివర్సిటీకే పోయాను.

అక్కడి ఫ్లాస్కులు పాతవి. ఏళ్లుగా వాటిలో పల్లేడియం వాడుతున్నామని విద్యార్థులే చెప్పారు. వాటిలోనే చర్య నడిపాను. బాదం వాసన రాగానే ఆ ప్రొఫెసర్ వచ్చి, ఇనుము భలే పనిచేసిందమ్మా అని నలుగురి ముందూ మెచ్చుకున్నాడు. ఫ్లాస్కులో అంతకుముందు ఏముండేదని ఒక్కరూ అడగలేదు.